పేగులోనే ఉంటుంది కదా అని...

మొన్న మా పిన్ని కూతురి పెళ్ళికి తెనాలి వెళ్ళాను. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, ఆరు భోజనాలు, లెక్కపెట్టని స్వీట్లు. మూడో రోజు పొద్దున్నే మేడ మీద బాత్రూము ముందు క్యూ. క్యూలో ఉన్నవాళ్ళ మొహాలు చూస్తే సంగతేంటో అడగక్కర్లేదు. సరిగ్గా అప్పుడు ప్రత్యక్షమయ్యాడు మా డాలస్ అన్నయ్య, చేతిలో ఒక జిప్ సంచీతో.

"ఇదిగోరా, ఒకటి వేసుకో. రిఫాక్సిమిన్. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఫస్ట్ క్లాస్ మందు."

"నాకేం కాలేదన్నయ్యా."

"కాకముందే వేసుకుంటే ఇంకా మంచిది. ఇది రక్తంలోకి పోదురా. పేగులోనే పనిచేసి పేగులోంచే బయటికి పోతుంది. సైడెఫెక్ట్సే ఉండవు."

అలా అంటూ అత్తయ్యలకీ, మావయ్యలకీ, ఆఖరికి తొమ్మిదేళ్ళ మేనల్లుడికి కూడా (వాడికి సగం ముక్క) వక్కపొడి పంచినట్టు పంచేశాడు. సంచీ ఖాళీ అయితే బజారుకెళ్ళి ఇంకో రెండు అట్టలు తెచ్చాడు. చీటీ ఏదని ఎవరూ అడగలేదట. "చూశావా, అక్కడైతే అపాయింట్‌మెంటు, ఇన్సూరెన్సు, నానా గొడవ. ఇక్కడ హాయి" అని మురిసిపోయాడు కూడా.

అదే ఇంట్లో, కింద గదిలో మా పెదనాన్న ఉన్నారు. లివర్ సిరోసిస్. (జీవితంలో మందు చుక్క ముట్టలేదు. ఆ మాట చెప్పకపోతే ఆయన ఊరుకోరు.) ఆయన ఫోన్లో పొద్దున 8కి, రాత్రి 8కి అలారం మోగుతుంది. మోగగానే పెద్దమ్మ ఒక మాత్ర, గ్లాసుడు నీళ్ళు పట్టుకొస్తుంది. ఆ మాత్ర కూడా రిఫాక్సిమినే. 550 మిల్లీగ్రాములది. మేడ మీద వక్కపొడి అయిన మందే కింద గదిలో ఒక మనిషిని మనిషిలా ఉంచుతోంది.

అప్పట్నుంచీ ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలని గొంతులో ఉంది. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ మా అన్నయ్య చెప్పినవాటిలో సగం తప్పని తెలుసుకోవడానికి డాక్టరీ చదవక్కర్లేదు. అమెరికాలో ఆ మందు డబ్బాతో పాటు ఇచ్చే కాగితం విప్పి చదివితే చాలు. ఆయన చదవలేదు. మనలో ఎవరం చదువుతాం కనక!

ముందు మందుకి ఇవ్వాల్సిన మర్యాద

రిఫాక్సిమిన్ మీద నాకేం కోపం లేదు. నిజానికి చాలా తెలివైన ఆలోచన. 1980లలో ఇటలీలో పుట్టిన మందు. టీబీకి వాడే రిఫాంపిసిన్‌కి దగ్గరి చుట్టం. ఆ అణువుకి ఇంకో ముక్క తగిలించి పేగు గోడ దాటి రక్తంలోకి పోకుండా చేశారు. మింగిన దాంట్లో రక్తంలోకి చేరేది 0.4 శాతం కన్నా తక్కువ. రోగం పేగులో ఉంటే మందు ఒళ్ళంతా తిరగడం దేనికి? పాయింటే కదా.

2004 మేలో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. దేనికిచ్చిందో జాగ్రత్తగా చదవండి. ప్రయాణికులకి వచ్చే విరేచనాలకి, అదీ పేగు గోడలోకి చొరబడని రకం ఈ. కోలై వల్ల వస్తే, అదీ 12 ఏళ్ళు నిండినవాళ్ళకి. 200 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి మూడు, మూడు రోజులు. అంతే.

అంతకుముందు ఈ పనికి డాక్టర్లు ఎక్కువగా వాడింది సిప్రోఫ్లాక్సాసిన్, దాని తోబుట్టువులు. వాటితో టెండన్లు తెగే ప్రమాదముందని 2008లో ఎఫ్‌డీఏ నల్ల గీతల డబ్బా కట్టి మరీ హెచ్చరిక పెట్టించింది. పైగా మన దక్షిణాసియాలో చాలా సూక్ష్మజీవులు వాటికి ఎప్పుడో అలవాటుపడిపోయాయి. వాటితో పోలిస్తే రిఫాక్సిమిన్ ఒంటికి నిజంగానే మెత్తని మందు. ఇంతవరకూ మా అన్నయ్యా నేనూ ఒకే పార్టీ.

పేచీ అంతా ఆ తర్వాతే.

పదిలో ఆరుగురికి ఊరికే తగ్గింది

ఈ మందు పనితనం తేల్చడానికి మెక్సికో, గ్వాటెమాలా, కెన్యా వెళ్ళిన ప్రయాణికుల మీద ఒక పరీక్ష చేశారు. సగం మందికి పైగా మందు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. ఎవరికేం ఇస్తున్నారో ఇచ్చేవాళ్ళకీ తెలీదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలీదు. మందు వేసుకున్నవాళ్ళకి ఆఖరి నీళ్ళ విరేచనం అయ్యేసరికి సగటు మనిషికి 32.5 గంటలు పట్టింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళకి 58.6 గంటలు. అంటే 26 గంటలు మిగిలింది. తక్కువేం కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది అందులో. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మందు వాడినవాళ్ళలో నయమైంది 79 శాతం. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 60 శాతం. అంటే పదిమందిలో ఆరుగురికి ఏ మందూ లేకుండానే తగ్గిపోయింది. మందు వల్ల అదనంగా బాగుపడింది ఇంచుమించు ఇద్దరు. మిగతా ఇద్దరికి మందు వేసుకున్నా తగ్గలేదు.

మా మేడ మీద పెళ్ళి క్యూలో పదిమంది ఉన్నారనుకోండి. పదిమందీ తొమ్మిదేసి మాత్రలు వేసుకుంటే మొత్తం 90 మాత్రలు. ఆరుగురు ఎలాగూ రెండు మూడు రోజుల్లో లేచి తిరిగేవాళ్ళే. కానీ ఆ ఆరుగురూ ఇప్పుడేమంటారు? "ఏం మందురా బాబూ, మంత్రం వేసినట్టు తగ్గింది!" రేపు వాళ్ళూ జిప్ సంచీ కొంటారు. మందుల కీర్తి ఇలాగే పెరుగుతుంది. సర్వర్ దానంతటది తేరుకుంటే, అదే నిమిషంలో కీబోర్డు తుడిచినవాడు తనవల్లే తేరుకుందని చెప్పుకున్నట్టు. ఆ రకం మనుషులు మీ ఆఫీసులోనూ ఉంటారు :-)

జ్వరమా, రక్తమా, అయితే వద్దు

ఆ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదీ: జ్వరం ఉన్నా, మలంలో రక్తం పడుతున్నా ఈ మందు వాడకూడదు. కాంపైలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి మీద ఇది పనిచెయ్యదు. 24 నుంచి 48 గంటల్లో తగ్గకపోయినా, ముదిరినా ఆపేసి వేరే దారి చూడాలి.

ఎందుకంటే, ఈ మందు పైత్యరసంలో బాగా కరుగుతుంది, మామూలు నీళ్ళలో సరిగ్గా కరగదు. పైత్యరసం దండిగా ఉండేది చిన్న పేగులో. కాబట్టి చిన్న పేగులో దీని ప్రతాపం బాగుంటుంది. పెద్ద పేగుకి వచ్చేసరికి తగ్గిపోతుంది. జిగట విరేచనాలు, రక్త విరేచనాలు తెప్పించే షిగెల్లా, కాంపైలోబ్యాక్టర్ లాంటివి పేగు గోడని తొలుచుకుని లోపలికి పోయే రకం. మందేమో గోడ దాటదు! "రక్తంలోకి పోదు" అని మా అన్నయ్య దేన్ని గొప్పగా చెప్పాడో, ఈ రోగులకి అదే దాని లోపం. దొంగ ఇంట్లో దూరితే వాచ్‌మన్ గేటు దగ్గరే నుంచుని విజిల్ ఊదినట్టు.

ఇది పుస్తకాల గొడవ కాదు. పోయినేడు మా టీములో ఒక కుర్రాడు ట్రిప్పుకెళ్ళి వచ్చాడు. కడుపు నొప్పి, 102 జ్వరం, రెండో రోజుకి రక్తం. ఎవరో సీనియర్ చెప్పాడని ఇవే మాత్రలు మూడు రోజులు బుద్ధిగా వేసుకున్నాడు. "కోర్సు పూర్తి చెయ్యాలి కదా అన్నా" అన్నాడు నాతో తర్వాత. నాలుగో రోజు సెలైన్ బాటిలు కింద పడుకుని ఉన్నాడు. మల పరీక్షలో కాంపైలోబ్యాక్టర్. అజిత్రోమైసిన్ ఇస్తే తేరుకున్నాడు. మూడు రోజులు ఊరికే పోయాయి. ఏ మందూ వేసుకోకపోయి ఉంటే రెండో రోజే భయపడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాడు. జేబులో "సేఫ్" మందు ఉండడం వల్లే ఆలస్యం చేశాడు.

దక్షిణాసియాలో తిరిగే ప్రయాణికుల్లో ఈ కాంపైలోబ్యాక్టర్ అరుదైన సరుకేం కాదు. అందుకే 2017లో అంతర్జాతీయ ప్రయాణ వైద్య సంఘం పెట్టిన మార్గదర్శకాల్లో తీవ్రమైన రకానికి మొదటి మందు అజిత్రోమైసిన్ అన్నారు. రక్తం, జ్వరం లేని వాటికి రిఫాక్సిమిన్ వాడొచ్చన్నారు. మరి తేలిక రకానికో? అసలు యాంటీబయాటిక్కే వద్దన్నారు. మా మేడ మీద క్యూలో ముప్పాతిక మంది తేలిక రకమే. గంట తర్వాత అందరూ కిందకొచ్చి పెసరట్టు తిన్నారు, నేను చూశాను.

"పేగులోనే" అంటే "ఎక్కడా కాదు" అని కాదు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మా అన్నయ్య వాదన, ఇంకా చాలామంది చదువుకున్నవాళ్ళ వాదన ఇదీ: మందు రక్తంలోకి పోదు, కాబట్టి హాని లేదు, కాబట్టి ఎంత వాడినా ఫరవాలేదు.

మా భాషలో చెప్పాలంటే, ఇది లోకల్ వేరియబుల్ అనుకుని గ్లోబల్ వేరియబుల్‌ని మార్చుకుంటూ పోవడం.

మన ఒంట్లో సూక్ష్మజీవుల రాజధాని ఏది? రక్తం కాదు. రక్తంలో అవి ఉంటేనే ప్రమాదం. వాటి రాజధాని పేగు. కోటానుకోట్లు అక్కడే కాపురం. యాంటీబయాటిక్కుకి లొంగని గుణం పుట్టేదీ, పెరిగేదీ, ఒకదాన్నించి ఇంకోదానికి కాపీ-పేస్ట్ అయ్యేదీ ముఖ్యంగా అక్కడే. సరిగ్గా ఆ రాజధానిలోకే, రక్తంలోకి జారిపోకుండా, మింగిన మందంతా కుమ్మరిస్తున్నాం. కిడ్నీకి హాని లేదు, నిజం. కానీ రెసిస్టెన్స్ గురించి మాట్లాడేటప్పుడు "పేగు దాటదు" అన్నది ఊరటనిచ్చే మాట ఎలా అవుతుంది?

దీనికి 2024 అక్టోబరులో గట్టి దెబ్బే తగిలింది. మెల్‌బోర్న్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చేశారు. ఆస్పత్రుల్ని హడలెత్తించే ఒక సూక్ష్మజీవి ఉంది, వాంకోమైసిన్‌కి లొంగని ఎంటెరోకాకస్. దానిమీద ఆఖరి అస్త్రాల్లో ఒకటి డాప్టోమైసిన్ అనే ఇంజెక్షను. రిఫాక్సిమిన్ వాడుతున్న కాలేయ రోగుల పేగుల్లో ఈ ఎంటెరోకాకస్ రిఫాక్సిమిన్‌ని తట్టుకోవడానికి తన జన్యువుల్లో ఒకచోట మార్పు చేసుకుంది. ఆ మార్పు వల్ల దాని పైపొర మారిపోయింది. దాంతో జీవితంలో ఎప్పుడూ చూడని డాప్టోమైసిన్‌కి కూడా లొంగకుండా తయారైంది. ఒక మందు వాడితే దానితో ఏ బంధుత్వమూ లేని ఇంకో మందు చచ్చుబడింది. ఒక మాడ్యూల్లో చెయ్యి పెడితే ఎక్కడో సంబంధం లేని మాడ్యూలు పగిలినట్టు. ఆ మొదటి మార్పు ఎక్కడ జరిగిందంటే, టీబీ సూక్ష్మజీవి రిఫాంపిసిన్‌ని తప్పించుకోడానికి మార్చుకునే జన్యువులోనే.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. ఆ అధ్యయనం విరేచనాలకి మూడు రోజులు వాడినవాళ్ళ గురించి కాదు, రోజూ వాడక తప్పని కాలేయ రోగుల గురించి. మూడు రోజుల కోర్సుకి దాన్ని తెచ్చి అతికించను. కానీ "పేగులోనే ఉంటుంది కాబట్టి రెసిస్టెన్స్ గొడవ లేదు" అన్న వాదన మాత్రం ఆ రోజుతో చచ్చిపోయింది. దానికి మళ్ళీ ఊపిరి పొయ్యకండి.

ఇంకోటి. 2015లో ఫిన్లాండ్ వాళ్ళు విదేశాలకెళ్ళి వచ్చిన 430 మందిని పరీక్షించారు. వెళ్ళేముందు, వచ్చాక మలం పరీక్ష. మొత్తమ్మీద 21 శాతం మంది మొండి సూక్ష్మజీవుల్ని (పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందుల్ని నరికేసే రకం) కడుపులో పెట్టుకుని ఇంటికి చేరారు. విరేచనాలు పట్టుకుని యాంటీబయాటిక్ కూడా వాడినవాళ్ళలో అది 37 శాతం. దక్షిణాసియాకి వచ్చి, విరేచనాలు పట్టుకుని, యాంటీబయాటిక్ వాడినవాళ్ళలో? 80 శాతం! వాళ్ళు వాడినవి ఎక్కువగా సిప్రో జాతి మందులు, రిఫాక్సిమిన్ కాదు, అదీ ఒప్పుకుంటాను. కానీ అక్కడ జరిగిందేంటో గమనించండి. మందు పాత కాపురస్తుల్ని ఖాళీ చేయించింది. ఖాళీ అయిన ఇంట్లోకి కొత్త ఊరి రౌడీలు దిగారు. వాళ్ళకి పాస్‌పోర్టూ వీసా ఏమీ అక్కర్లేదు.

మీరు ఏమంటారో నాకు తెలుసు

1. "పదిరోజుల సెలవులో వస్తాను. అందులో ఒక రోజు బాత్రూములో పోతే ఎంత నష్టం! 26 గంటలు మిగిలితే చేదా?"

ఇదొక్కటే నాకు నిజంగా బలమైన వాదన అనిపిస్తుంది. చెల్లెలి పెళ్ళి రేపు, మీరు కదల్లేకుండా ఉన్నారు, జ్వరం లేదు, రక్తం లేదు. వేసుకోండి, డాక్టర్‌తో ఒక మాట చెప్పించుకుని. ఆ మందు పుట్టిందే దానికి. నేను వద్దంటున్నది కదలగలిగినవాళ్ళకి, ఇంకా ఏమీ కానివాళ్ళకి, కానేకూడని తొమ్మిదేళ్ళ పిల్లాడికి.

2. "ముందుగా రోజుకొకటి వేసుకుంటే రానే రాదట కదా?"

మెక్సికో వెళ్ళిన అమెరికా విద్యార్థుల మీద చేసిన పరీక్షలో మంచి ఫలితమే వచ్చింది, నిజం. కానీ 2013లో జర్మనీ వాళ్ళు దక్షిణ, ఆగ్నేయాసియా ప్రయాణికుల మీద చేసిన పరీక్షలో రక్షణ 48 శాతం దగ్గర ఆగింది. సగం కన్నా తక్కువ. నివారణకి ఎఫ్‌డీఏ అనుమతి కూడా లేదు. రోగం వస్తే ఆరోగ్యం బాగా దెబ్బతినే వాళ్ళకి డాక్టర్లు ఆలోచించి ఇస్తారు, అది వేరు. పానీపూరీ తినడానికి ధైర్యం కోసమైతే, నాలుగు పానీపూరీలు తక్కువ తినండి.

3. "ఇక్కడ అందరూ వేసుకునే జోడీ మాత్రలకన్నా ఇది నయం కాదా?"

మన మందుల షాపుల్లో "అన్నా, మోషన్స్‌కి ఏదన్నా ఇవ్వు" అంటే కత్తిరించి ఇచ్చే రెండు మందుల జోడీ మాత్రలున్నాయే, ఒకటి బ్యాక్టీరియాకి, ఒకటి అమీబాకి, ఏది తగిల్తే అది అన్నట్టు. వాటికన్నా నయమే. కానీ "వాడికన్నా నయం" అన్నది ఓట్లు వేసేటప్పుడు సరే, మందు మింగేటప్పుడు కాదు. అక్కడ ప్రశ్న ఏ యాంటీబయాటిక్ అని కాదు, అసలు యాంటీబయాటిక్ కావాలా అని.

4. "కోళ్ళఫారాల్లో బస్తాలు బస్తాలు వాడుతుంటే నా తొమ్మిది మాత్రలు ఒక లెక్కా?"

కోళ్ళఫారాల మాట నిజమే. అందుకే 2019లో మన ప్రభుత్వం పశువులకీ కోళ్ళకీ కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపుల మీద కేరళ వాళ్ళు 2024లో దాడులు మొదలుపెట్టారు. పెద్ద దొంగని పట్టుకోవద్దని ఎవరన్నారు? కానీ 2019 ఒక్క ఏడాదిలోనే మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది పోయారని లాన్సెట్ లెక్క. ఆ లెక్క ఒక్కరి వల్ల రాలేదు, తలా తొమ్మిది మాత్రల వల్లే వచ్చింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని "ఎంత ట్రాఫిక్ రా బాబూ" అని తిట్టుకునే ప్రతివాడూ ఆ ట్రాఫిక్‌లో ఒక బండే.

మరైతే ఏం చెయ్యమంటావు?

కొత్తగా చెప్పేదేం లేదు, అదే దీనితో వచ్చిన చిక్కు. పోయిన నీళ్ళూ ఉప్పూ మళ్ళీ లోపలికి పంపించాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరాతో జనం రాలిపోతుంటే, సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి వేలమందిని నిలబెట్టాడు. కలరాకే అది ఆధారమైతే పెళ్ళి భోజనం ఎంత? 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు.

లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గుండుగా కాదు, సమంగా. లేదా షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొడి పొట్లం. ఆ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు కాదు. వాటిమీద మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరి పోరాటం చేస్తే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వెయ్యకూడదని చెప్పింది. ఉప్పేసిన మజ్జిగ, గంజి మా అమ్మమ్మ ఇచ్చేది, అవీ మంచివే.

మరీ తప్పనిసరి ప్రయాణం ఉంటే, పెద్దవాళ్ళకి, జ్వరం రక్తం లేనప్పుడు లోపెరమైడ్ ఉంది. అది యాంటీబయాటిక్ కాదు, పేగు వేగాన్ని తగ్గిస్తుంది. జ్వరం, రక్తం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, ఒళ్ళు తూలడం... వీటిలో ఏది కనపడినా జిప్ సంచీ మూసేసి డాక్టర్ దగ్గరికి పదండి. చిన్న పిల్లలు, ముసలివాళ్ళు, గర్భిణులు అయితే ఇంకా ముందే.

మళ్ళీ కింద గదిలోకి

లివర్ పాడైనవాళ్ళకి పేగులో సూక్ష్మజీవులు తయారుచేసే అమ్మోనియా లాంటి విషాలు వడపోతకాక తలకెక్కుతాయి. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి పెదనాన్న రెండింటికి లేచి స్నానం చేసి, బడికి టైమైందని చొక్కా వేసుకుని గేటు దగ్గర నుంచున్నారు. ఆయన లెక్కల మాస్టారు. రిటైరై పదకొండేళ్ళు. పెద్దమ్మని "ఎవరమ్మా నువ్వు" అని అడిగారు. ఆ తర్వాత ఆస్పత్రి, ఆ తర్వాత ఈ మాత్ర. లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్పుకి తోడుగా.

2010లో ఎఫ్‌డీఏ దీన్ని ఈ జబ్బుకి కూడా అనుమతించింది. 299 మంది మీద ఆరు నెలలు చేసిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 46 శాతం మందికి మళ్ళీ తలకెక్కితే, మందు వాడినవాళ్ళలో 22 శాతానికే ఎక్కింది. విరేచనాల్లో ఈ మందు మిగిల్చేది 26 గంటలు. ఇక్కడ మిగిల్చేది భార్యని గుర్తుపట్టే తెలివి. ఇంకో విషయం, ఆయనలాంటి వాళ్ళలో "రక్తంలోకి పోదు" అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. దెబ్బతిన్న లివరున్నవాళ్ళ రక్తంలో ఈ మందు మామూలువాళ్ళకన్నా పది రెట్లు పైనే కనపడుతుందని ఆ కాగితంలోనే ఉంది.

మెల్‌బోర్న్ వాళ్ళు చూపించిన ప్రమాదాన్ని నెత్తిమీద పెట్టుకుని ఈ మందు వాడాల్సింది ఆయన. వేరే దారి లేక వాడుతున్నారు, డాక్టరు లాభనష్టాలు బేరీజు వేసి రాశారు కాబట్టి వాడుతున్నారు. రేపు ఆయన ఏ ఇన్ఫెక్షనుతోనో ఆస్పత్రిలో చేరితే ఆయన్ని కాపాడాల్సిన మందులు అప్పటికి పనిచేస్తూ ఉండాలి. ఆ పనితనం ఆయన సొంతం కాదు, నాది కాదు, మా అన్నయ్యది కాదు. ఊరి చెరువు లాంటిది. దాహమైనవాడు తాగితే తరగదు. దాహం వెయ్యకముందే అందరూ బిందెలు ముంచుకుంటేనే తరుగుతుంది.

బయల్దేరే ముందు అన్నయ్యని కింద గదికి తీసుకెళ్ళాను. పొద్దున 8 అలారం మోగింది. పెద్దమ్మ మాత్ర తెచ్చింది. అన్నయ్య అట్ట చేతిలోకి తీసుకుని పేరు చదివాడు, నా వంక చూశాడు. పెదనాన్న మాత్ర మింగి, "ఏరా, నీ కడుపులో ఎలా ఉంది? పొద్దున్న క్యూలో కనపడ్డావట" అన్నారు. తెలివిగా, మేలుకుని, పెళ్ళికొడుకు తరఫువాళ్ళ పేర్లతో సహా అన్నీ గుర్తుపెట్టుకుని.

అన్నయ్య ఏమీ అనలేదు. కారెక్కేముందు మాత్రం మిగిలిన అట్ట నా చేతిలో పెట్టబోయాడు, "నీ దగ్గరుంచుకోరా, ఎప్పుడైనా పనికొస్తుంది" అని.

అలవాటు అంత తొందరగా పోదు కాబోలు. అందుకే ఇంత పొడుగు రాయాల్సొచ్చింది.